గాలిమేడ ఉరుకుపాట

కూర్చోండర్రా, కాళ్లు చాపుకుని హాయిగా కూర్చోండి. చేతులు కట్టుకోనక్కర్లేదు. ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది. పొద్దుటినుంచి నా కాళ్లు పీకేస్తున్నాయి, గొంతు ఎండిపోయింది, అయినా మీరు వదులుతారా? సరే, ఇది అలిసిపోయినవాళ్ల కథే కాబట్టి అలిసిపోయిన నోటితో చెప్పినా చెల్లుతుంది.

పవనగిరి రాజ్యానికి కోట కంటే, సైన్యం కంటే ఎక్కువ పేరు తెచ్చింది గాలిమేడ. పగటికలల్లో కట్టుకునే గాలిమేడ కాదు లెండి, నిజంగా ఉన్నదే. అదొక వాద్యం. పెద్ద మంటపంలో ఒక గోడ నిండా గొట్టాలు నిలబెట్టి ఉండేవి. రాగివి, సీసంవి, వెదురువి. అన్నిట్లోకీ చిన్నది చిటికెన వేలంత, దాని గొంతు కీచురాయి గొంతు. అన్నిట్లోకీ పెద్దది తాటిచెట్టంత, అది పలికితే చెవులకంటే ముందు కడుపుకు తెలిసేది. ముందున్న పీట మీద ఆస్థాన విద్వాంసుడు కూర్చుని చేతులతో పైమెట్లు, పాదాలతో కిందిమెట్లు నొక్కితే, ఏ మెట్టుకు ఆ గొట్టం పలికేది.

మరి గొట్టాల్లోకి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? మంటపం కింద నేలమాళిగలో ఎద్దుతోలుతో కుట్టిన తిత్తులుండేవి. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చూశారు కదా, అలాంటివే, కాకపోతే ఒక్కోటి ఒక గదంత. ఒక్కో తిత్తికి ఒక్కో దూలం. పైన వేలాడే తాడు పట్టుకుని దూలం మీదికెక్కి తొక్కితే అది కిందికి దిగి గాలిని గొట్టాల్లోకి తోస్తుంది. అది దిగగానే పక్క దూలం మీదికి మారాలి. పాట అయ్యేదాకా ఇదే పని. తిత్తులు గోడ పొడుగునా బారుగా ఉన్నా, తొక్కేవాళ్లు ఇద్దరే మిగిలారు. దాలయ్య, అతని కూతురు పైడి. మిగతా తిత్తులు బూజుపట్టి ఉండేవి.

పైడి పెళ్లీడు పిల్ల. తల్లి లేదు. గున్న అనే చిన్న తమ్ముడున్నాడు, వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. పాట అంటే ఆమెకు మోకాళ్ల నొప్పి, ఇంకేమీ కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ గాలిమేడ కిందే ఉన్నా, ఒక్కసారైనా పైన కూర్చుని విన్నది లేదు. పైన పాట మోగుతుంటే కింద తను తొక్కుతూ ఉండాలి, ఇక వినేదెప్పుడు?

ప్రతి పౌర్ణమికీ ఊళ్లో పిల్లలందరికీ తలంటి, నూనె రాసి, తెచ్చి ముందువరసలో కూర్చోబెట్టేవాళ్లు. చేతులు కట్టుకోవాలి, కదలకూడదు, అది సంప్రదాయం. శ్రుతకీర్తి అనే ముసలి విద్వాంసుడు పాట మొదలుపెట్టేవాడు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య ఇంటికెళ్లి మజ్జిగ తాగి రావచ్చు, అంత తీరిగ్గా సాగేది. పిల్లలు ఆవులించేవాళ్లు. పెద్దలు వెనకనుంచి గిల్లేవాళ్లు. కొందరు గడుగ్గాయిలు మాత్రం పౌర్ణమి వచ్చిందంటే చాలు, గడ్డివాముల వెనక దాక్కుని దొరికేవాళ్లు కారు.

ఈ ఆవులింతల వాసన అడవిలో ఉన్న జృంభిణికి తగిలింది. జృంభిణి రాక్షసి. మనుషుల్ని తినదు, ఆవులింతల్ని తింటుంది. ఒక శ్రావణ పౌర్ణమినాడు మంటపం పైకప్పు మీద కూర్చుని, పిల్లలందరూ ఒక్కసారి నోళ్లు తెరిచినప్పుడు ఆవులింతలతో పాటు వాళ్ల మెలకువను కూడా మింగేసింది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. వాళ్లలో గున్న ఒకడు.

"వీళ్ల మెలకువ నా కడుపులో ఉంది," అంది జృంభిణి పైనుంచి. "రోజురోజుకీ వీళ్ల జుట్టు నెరుస్తూ వస్తుంది. కార్తీక పౌర్ణమికి తల మొత్తం తెల్లబడుతుంది. ఆ తరవాత ఎవరు పిలిచినా లేవరు."

ధీరకేతు మహారాజు అర్ధరాజ్యం ఇస్తాననీ, యువరాజుతో సరిసమానంగా సింహాసనం పక్కన కూర్చోబెడతాననీ చాటింపు వేయించాడు. ఎక్కడెక్కడి వీరులో వచ్చారు. కత్తులు ఝళిపించుకుంటూ అడవిలోకి వెళ్లారు. రాక్షసి ఎదురుగా నిలబడగానే వాళ్లకూ ఆవులింతలొచ్చాయి. కత్తులు దారిలో పారేసుకుని, తూలుకుంటూ వచ్చి ఇళ్లల్లో ముసుగుతన్ని పడుకున్నారు.

పైడికి అర్ధరాజ్యం మీద ఆశ లేదు. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని నెరిసిన వెంట్రుకలు చూసి ఏడ్చి ఏడ్చి, ఇక ఏడ్చే ఓపిక కూడా లేక లేచింది. నేను పోతాను నాన్నా అంది. దాలయ్య వద్దనలేదు. తనే పోయేవాడు గాని, గుమ్మం దాటేసరికే అతని మోకాళ్లు మొరాయించాయి. గాలిమేడ మొదటిసారి మోగిననాడు ఆశీర్వదించిన అలసముని ఇంకా అడవిలోనే ఉన్నాడని తన అమ్మమ్మ చెప్పేదనీ, ముందు ఆయన్ని అడగమనీ చెప్పాడు. తరవాత గూట్లోంచి ఒక ఆముదం బుడ్డి తీసి చేతిలో పెట్టాడు.

"మనింట్లో ఉన్న మందు ఇదొక్కటే తల్లీ. కాలు నొప్పెట్టినప్పుడు రాసుకో," అన్నాడు.

అడవి దారి సంగతి ఏం చెప్పమంటారు? ముళ్లు, రాళ్లు, వాగులు. అన్ని కథల్లోనూ ఉన్నవే ఇక్కడా ఉన్నాయి. పైడి నడిచింది, పడింది, లేచింది, మళ్లీ నడిచింది. ఆముదం మాత్రం ముట్టుకోలేదు, నాన్నకు ఉన్నది అదొక్కటే కదా అని.

అలసముని ఒక పుట్టలో ఉన్నాడు. తపస్సు మానేసి చాలా కాలమైంది గాని, లేవడానికి బద్ధకమై అక్కడే ఉండిపోయాడు. గడ్డం నిండా చీమలు. నోరు తెరిస్తే చీమలు లోపలికి పోతాయని ఆయన మాట్లాడ్డం లేదు. పైడి ఒక్క చీమనూ నలపకుండా గడ్డం చిక్కులు తీస్తూ, చీమల్ని ఆకు మీదికి ఎక్కించి పక్క పుట్టలో దింపుతూ కూర్చుంది. ఎండ చల్లబడేవరకూ అదే పని. మధ్యలో ఎన్నిసార్లు విసుగొచ్చిందో, ఎన్నిసార్లు తమ్ముడి తల గుర్తొచ్చి మళ్లీ ఓపిక తెచ్చుకుందో ఆమెకే తెలియాలి. చివరి చీమ కూడా దిగాక మునికి నోరు పెగిలింది.

గాలిమేడకు మొదట్లో ఒక పాట ఉండేదనీ, దాని పేరు ఉరుకుపాట అనీ, అది మోగినన్నాళ్లూ జృంభిణి పవనగిరి పొలిమేర తొక్కలేదనీ ఆయన చెప్పాడు. ఆ పాట ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం మర్చిపోయానన్నాడు. దానికి చిందులేసిన శరభం లోయలో ఉంది, దాన్నడుగు అన్నాడు. వెళ్లేముందు ఒక ఎండు ఉసిరికాయ ఇచ్చి, ఆవులింత వచ్చినప్పుడు బుగ్గన పెట్టుకోమన్నాడు. అంతసేపు మాట్లాడినందుకు అలిసిపోయి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

లోయలో శరభం పడుకుని ఉంది. శరభమంటే ఎనిమిది కాళ్ల మృగం. సింహాన్ని కూడా కాలికింద వేసి తొక్కగలదు. పైడిని చూసి నిన్ను తింటానంది. పైడి పారిపోలేదు, పారిపోయే ఓపిక లేదు. తిను గాని ముందు ఒక పాట చెప్పు అంది. తినడానికి లేవాలి కదా, లేస్తే కాళ్లు నొప్పి, అని శరభం మూలిగింది.

"నాలుగు కాళ్ల వాళ్లకి నాలుగు నొప్పులు. నాకు ఎనిమిది," అంది.

కాళ్ల నొప్పి అన్నమాట వింటే పైడి ఆగగలదా? తను అట్టిపెట్టుకున్న ఆముదం బుడ్డి తీసింది. రాతి మీద చిన్న మంట వేసి నూనె వెచ్చచేసి, పిక్కల దగ్గర మొదలుపెట్టి గిట్టల దాకా ఒక్కో కాలూ మర్దనా చేసింది. తిత్తులు తొక్కి తొక్కి ఏ నరం ఎక్కడ పట్టేస్తుందో ఆ ఇంటివాళ్లకు తెలియనిది కాదు. ఎనిమిదో కాలు అయ్యేసరికి బుడ్డిలో చుక్క మిగల్లేదు, పైడి చేతులు పడిపోయాయి. శరభం లేచి నిలబడింది. ఒక కాలు విదిలించింది. ఇంకో కాలు విదిలించింది. తరవాత రాతి నేల మీద చిందులు మొదలుపెట్టింది.

ఎనిమిది గిట్టలు టకటకమని రాతిమీద మోగుతుంటే పైడి పాదాలు వాటంతటవే కదిలాయి. ఆమె ఉలిక్కిపడింది. ఈ నడక తన కాళ్లకు తెలుసు. ఎప్పుడూ తొక్కే పాటే ఇది. ఇక్కడ కుడి దూలం, ఇక్కడ ఎడమ దూలం, ఇక్కడ కాస్త ఆగడం, అన్నీ అవే. శ్రుతకీర్తి వాయించేది ఇదే పాట, కాకపోతే దీన్ని సాగదీసి సాగదీసి జీడిపాకం చేశారు. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టయిందే అని ఆమె నవ్వింది, వెంటనే ఏడ్చింది కూడా.

మరి ఎందుకు నెమ్మదించింది అని అడిగింది. శరభం చెప్పింది. ఆ రోజుల్లో తిత్తులన్నీ తొక్కింది పిల్లలేనట. ఊరి పిల్లలు బిలబిలమని నేలమాళిగలోకి దిగి దూలాల మీద గెంతేవాళ్లు, పైన పాట పరుగెత్తేది. ఒకనాడు ఒక రాకుమారుడు కూడా దిగి గెంతబోయాడు. జారిపడితే బొటనవేలి గోరు ఊడింది. అంతే. ఇకమీదట పిల్లలు దూలాలు ఎక్కరాదు, పైన చేతులు కట్టుకుని కూర్చోవాలి అని రాజాజ్ఞ అయింది. తొక్కడానికి పెద్దవాళ్లను పెట్టారు. వాళ్లు అలిసిపోయారు, తగ్గిపోయారు. గాలి తగ్గింది, గాలిని పొదుపు చేస్తూ విద్వాంసుడు పాట నెమ్మదిచేశాడు. అతని శిష్యుడు ఆ నెమ్మదే సంగీతమనుకున్నాడు. శిష్యుడి శిష్యుడు దాన్ని సంప్రదాయమన్నాడు. ఒక గోటికోసం ఇంత కథ నడిచిందర్రా, నమ్ముతారా?

శరభం ఆమెను వీపు మీద ఎక్కించుకుని జృంభిణి గుహ దగ్గర దింపింది. లోపల రాక్షసి కొండలా పడుకుని ఉంది. పైడిని చూసి నోరు తెరిచి ఒక ఆవులింత తీసింది. అది చూస్తే రాయికి కూడా ఆవులింత వస్తుంది. అసలే పైడి ఎన్నాళ్లనుంచో కంటినిండా పడుకోలేదు. దవడలు లాగాయి, కళ్లు మూతలు పడ్డాయి. ఉసిరికాయ బుగ్గన పెట్టుకుంది. ఆ పులుపుకు నోరు ముడుచుకుపోయి, కళ్లల్లో నీళ్లు తిరిగి, ఆవులింత ఎటు పోయిందో పోయింది. రాక్షసి మళ్లీ ఆవులించింది. పైడి ఉసిరికాయను ఇంకో బుగ్గకు మార్చుకుంది. చివరికి విసిగిపోయింది రాక్షసే.

"నా మీద కోపం దేనికే పిల్లా?" అంది. "ఆవులింతలు నేను తెప్పించలేదు. వడ్డించిన విస్తరి చూసి వచ్చి కూర్చున్నాను, అంతే."

"నిజమే పెద్దమ్మా," అంది పైడి. "మళ్లీ ఒక్కసారి మా మంటపం మీదికొచ్చి కూర్చో. పాట అయ్యేదాకా నువ్వు ఆవులించకపోతే పిల్లల మెలకువ ఇచ్చెయ్యి. ఆవులించావో, వాళ్లతో పాటు నా మెలకువ కూడా నీదే."

జృంభిణికి ఈ పందెం నచ్చింది. గాలిమేడ పాటకు ఆవులించకుండా ఉండడం ఎవరి తరం? కార్తీక పౌర్ణమి పొద్దున్నే వస్తానంది.

పైడి ఊరు చేరేసరికి పౌర్ణమికి ఒక్కపూటే ఉంది. గున్న తలలో నుదుటి దగ్గర కాసిని నల్ల వెంట్రుకలు తప్ప అంతా తెలుపే. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని తెలుసు. తిన్నగా శ్రుతకీర్తి ఇంటికి పోయి సంగతంతా చెప్పింది. ఆ ముసలాయన కోప్పడతాడనుకుంది. ఆయన మాత్రం తన వేళ్లు ఒకసారి చూసుకున్నాడు.

"చిన్నప్పుడు మా గురువుగారు లేని సమయం చూసి ఒక్కసారి వేగంగా వాయించానమ్మా," అన్నాడు. "రెండు చరణాలు కాకముందే గాలి చాల్లేదు. గొట్టాల గొంతు జారిపోయి నక్క ఊళలా వినిపించింది. అందరూ నవ్వారు. మళ్లీ ఆ జోలికి పోలేదు. ఇప్పుడు మాత్రం గాలి ఎక్కడిది?"

"గాలి నేనిస్తాను అయ్యగారూ. మీరు నాకోసం ఆగొద్దు," అంది పైడి.

చెప్పడమైతే చెప్పింది గాని, ఒక్క మనిషి అన్ని తిత్తులూ ఎలా తొక్కుతుంది? మెలకువగా ఉన్న పిల్లలెవరు? గడ్డివాముల వెనక దాక్కున్న గడుగ్గాయిలు. పాట ఎగ్గొట్టినందుకే వాళ్లు బతికిపోయారు, చూశారా విచిత్రం! పైడి వాళ్లను వెతుక్కుంటూ పోయింది. వాళ్ల నాయకురాలు కుమ్మరుల పిల్ల చిన్నాలు. గాలిమేడ పేరు వినగానే మేం రాం, అది ఏడుపు పాట అని మొహం తిప్పుకుంది. పెద్దలైతే ఇక్కడ నాలుగు నీతులు చెప్పేవాళ్లు. మన వాద్యం గొప్పది, మన పూర్వీకులు గొప్పవాళ్లు అని. పైడికి అంత ఓపిక లేదు.

"వినమని ఎవరన్నారు?" అంది. "నేలమాళిగలో దూలాలున్నాయి, వాటిమీద గెంతాలి. ఎంత గట్టిగా గెంతితే అంత మంచిది. ఎవరూ తిట్టరు."

గెంతితే తిట్టని చోటు ఒకటుందని ఆ పిల్లలకు అంతవరకూ తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిత్తుల బూజు దులపడానికి, చిరిగినచోట తోలు కుట్టడానికి దాలయ్య వాళ్లకు పని చూపించాడు. దూలం మీద అడుగెలా వేయాలో పైడి చూపించింది, శరభం గిట్టలతో చూపించినట్టే.

పౌర్ణమి పొద్దు పొడిచింది. నిద్రపోయిన పిల్లల్ని మంటపంలో వరసగా పడుకోబెట్టారు. రాజుగారొచ్చారు, ఊరంతా వచ్చింది. జృంభిణి చూరుమీద, కప్పు దాటి పైకి పొడుచుకొచ్చిన తాటిచెట్టంత గొట్టాన్ని ఆనుకుని కూర్చుంది. శ్రుతకీర్తి చేతులు మెట్లమీద పెట్టాడు. కింద పైడి తాడు పట్టుకుంది, ఊ అంది.

పాట లేచింది. లేవడం కాదు, ఉరికింది. చిన్న గొట్టాలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి, నడిమివి వాటిని పట్టుకోబోయాయి, ముసలాయన పాదాలు కిందిమెట్ల మీద పరుగులు తీశాయి. రాజుగారి తలపాగా ఊగింది. జృంభిణి మాత్రం నిబ్బరంగా కూర్చుంది. ఎంతసేపులే, అలిసిపోతారు అనుకుంది.

ఆమె అనుకున్నట్టే అయింది. కిందనున్నది చిన్నపిల్లలు, బరువు తక్కువ. దూలాలు పూర్తిగా దిగడం లేదు. పాట మధ్యలో గాలి తగ్గి గొంతు జారడం మొదలైంది. పైన శ్రుతకీర్తి మొహం పాలిపోయింది. జృంభిణి పెదవులు మెల్లగా విడివడ్డాయి. పైడి ఒక్కతే నాలుగు దూలాలమీదికీ పరుగెత్తింది. తలప్రాణం తోకకొచ్చింది ఆమెకు, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అయిపోయింది, గున్నా, అనుకుంది.

అప్పుడు చిన్నాలు పక్కపిల్ల చెయ్యి పట్టుకుని, ఇద్దరూ కలిసి ఒకే దూలం మీదికి గెంతారు. దూలం దభీమని దిగింది. పిల్లలు పకపకా నవ్వారు. ఇక చూడండి, అందరూ జతలు కట్టి, చేతులు పట్టుకుని దూలం నుంచి దూలానికి గెంతడమే. గాలి పొంగింది. పైన పాట మళ్లీ పరుగందుకుంది, ఈసారి పాటతో పాటు నేలలోంచి పిల్లల నవ్వులు కూడా వినిపించాయి. ఆ చప్పుడు ఆ మంటపం విని ఎన్ని తరాలైందో!

శ్రుతకీర్తి రెండు పాదాలతో పెద్ద గొట్టాన్ని పలికించాడు. దాన్ని ఆనుకుని కూర్చున్న జృంభిణి కడుపు గడగడలాడింది. చక్కిలిగింత పుట్టింది. రాక్షసి పెదవులు బిగించింది, ముక్కు మూసుకుంది, చివరికి ఆపుకోలేక నోరు తెరిచింది. ఆవులింతే అనుకుని ఊరంతా కొయ్యబారిపోయింది. అది నవ్వు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేట్టు నవ్వింది. ఆ నవ్వుతో పాటు మింగిన మెలకువంతా బయటపడి ఎవరిది వాళ్లను చేరుకుంది. పిల్లలు కళ్లు నులుముకుంటూ లేచారు. జుట్టు నల్లబడింది. గున్నకు మాత్రం నడినెత్తిన ఒక తెల్లపాయ అలాగే ఉండిపోయింది. వాడు లేస్తూనే, కింద ఎవరో గెంతుతున్నారు, నన్ను పిలవలేదేం అని అలిగాడు.

ఇంతకీ జృంభిణి తిండికి లోటు రాలేదు లెండి. రాజసభలో మంత్రులు ఉపన్యాసాలిచ్చే రోజుల్లో పైకప్పు మీద ఆమెకో చోటిచ్చారు.

రాజుగారు సింహాసనం దిగివచ్చి పైడికి అర్ధరాజ్యం రాసిస్తానన్నారు. అర్ధరాజ్యం మోసే ఓపిక నాకు లేదు మహారాజా అంది పైడి. చేతులు కట్టుకోమనే ఆజ్ఞ కొట్టేయమంది, నేలమాళిగ తలుపులు పిల్లలకు తెరవమంది, నాన్నకు కాళ్లు చాపుకునే రోజులు ఇప్పించమంది. రాజుగారు అన్నిటికీ సరేనని, గాలిమేడకు ఆమెనే అధికారిణిని చేశారు. సింహాసనం పక్కన పీట కూడా వేయించారు గాని, ఆమె దానిమీద కూర్చున్నది తక్కువ. ఇంకేమైనా కావాలా అని అడిగితే పైడి కాస్త సిగ్గుపడింది.

"ఒక్కసారి పైన కూర్చుని వింటాను," అంది.

ముందువరసలో మెత్తటి పరుపు వేసి కూర్చోబెట్టారు. కింద పిల్లలు గెంతుతున్నారు, గున్న అందరికంటే ముందు. శ్రుతకీర్తి నవ్వుమొహంతో ఉరుకుపాట ఎత్తుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పైడి ఆ పాటను చెవులతో విన్నది. ఇంత బాగుంటుందా అనుకుంది. తన కాళ్లు ఇన్నాళ్లూ మోసింది దీన్నా అనుకుంది. అలా అనుకుంటూనే, పాట అంత హోరుగా మోగుతుండగానే, తల పక్కకు వాల్చి నిద్రపోయింది.

మంటపమంతా గగ్గోలు. రాజుగారు లేచి నిలబడ్డారు. గున్న కిందనుంచి పరుగెత్తుకొచ్చి అక్క జుట్టు పాయ పాయగా విడదీసి చూశాడు. ఒక్కటీ నెరవలేదు. ఇది రాక్షసి నిద్ర కాదు, పని అయిపోయిన మనిషి నిద్ర. దాలయ్య తన కండువా తీసి కూతురికి కప్పాడు. పాట ఆపాలా అని శ్రుతకీర్తి సైగతో అడిగితే, ఆపొద్దు, వాయించండి అన్నాడు.

పాట సాగుతూనే ఉంది, ఆమె నిద్రపోతూనే ఉంది. ఆమెను అలా పడుకోనిచ్చి మనం మెల్లగా బయటికొచ్చేద్దాం. ఇక నన్నూ నిద్రపోనివ్వండర్రా. మీకు నిద్ర రాకపోతే ఆ వాకిట్లో కాసేపు గెంతుకోండి, నేనేమీ అనను.